కారు షెడ్డులో ఆరడుగుల అక్వేరియం

మా రాజమహేంద్రవరంలో కారు షెడ్డు అంటే చాలా ఇళ్లలో కారు తప్ప అన్నీ ఉండే చోటు. పాత సైకిలు, ఎండిపోయిన పెయింటు డబ్బాలు, ఎవరూ వాడని గంగాళం. కారు అమ్మేశాక మా షెడ్డూ అలాగే తయారవుతుంటే, అదంతా ఖాళీ చేయించి పెద్ద చేపల తొట్టి పెట్టించాను. ఇంటర్మీడియట్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి నీళ్ల బాధ్యత నాది. ఇనుము, కరెంటు మా వారివి. చూడటానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది "ఏ చేపలు వేశారు?" అని. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. షెడ్డులో పెట్టే తొట్టికి నేల, గాలి, వేడి, కరెంటు కుదిరితే ఏ చేపలైనా కుదురుతాయి. ఆ నాలుగూ కుదరకపోతే ఎంత ఖరీదైన చేపలు తెచ్చినా నిలవవు.

దసరా వెళ్లగానే పని మొదలుపెట్టండి. సంక్రాంతికి చేపలు వస్తాయి, ఎండాకాలం వచ్చేసరికి తొట్టి స్థిరపడి ఉంటుంది. ఏప్రిల్‌లో మొదలుపెడతామని ఎవరైనా అంటే నేను వద్దనే చెబుతాను.

ముందు బరువు లెక్క. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న తొట్టిని అంచుకు కాస్త కిందివరకు నింపితే సుమారు 600 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే నీళ్లే 600 కిలోలు. 12 మిల్లీమీటర్ల అద్దం 120 కిలోలు, గులకరాళ్లు 60, ఇనుప స్టాండు 80, స్టాండు కింద పెట్టే ఫిల్టరు తొట్టి దాని నీళ్లతో కలిపి ఇంకో 150. మొత్తం ఇంచుమించు ఒక టన్ను. మేడమీది గదిలో ఇంత బరువు పెట్టాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరును అడిగి తీరాలి. షెడ్డు నేల మట్టి మీద కూర్చుని ఉంటుంది, కారును మోయడానికే వేసినది, కాబట్టి ఆ దిగులు తక్కువ.

తక్కువ అన్నాను కానీ లేదనలేదు. మన ఇళ్లలో నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకు చాలావరకు షెడ్డు కిందే ఉంటాయి. పైన టైల్స్ పరిచాక ఎక్కడివరకు ఉన్నాయో ఇంట్లోవాళ్లకే గుర్తుండదు. ఇల్లు కట్టిన మేస్త్రీ అందుబాటులో ఉంటే అడగండి. లేకపోతే గునపం పిడితో నేలంతా తట్టుకుంటూ రండి. డొల్లగా మోగిన చోట తొట్టి వద్దు. కారు వచ్చి పోతుంది, తొట్టి ఏళ్ల తరబడి ఒకేచోట కూర్చుంటుంది. గోడ మూలల్లో తాజా మట్టి కుప్పలు కనిపిస్తే పందికొక్కులు నేల కింద తవ్వుతున్నాయని అర్థం. ఆ బొరియల్లో కంకర, సిమెంటు కూరి మూయించాకే మిగతా పని.

తర్వాతిది వాలు. కడిగిన నీళ్లు గేటువైపు పోవాలని షెడ్డు నేలను కావాలనే వాలుగా వేస్తారు. కంటికి తెలియదు. రసమట్టం పెడితే తెలుస్తుంది. అడుగుకు 3 మిల్లీమీటర్ల వాలున్నా ఆరడుగులకు 18 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. తొట్టి ఒకవైపు ఒరిగితే నీటిమట్టం వంకరగా కనిపించడంతో పోదు, అతుకుల మీద ఒత్తిడి ఒకవైపే ఎక్కువగా పడుతుంది. అందుకని తొట్టి పొడవును గేటుకు సమాంతరంగా, వెనక గోడకు ఆనించి పెట్టండి. అప్పుడు వాలు ప్రభావం రెండడుగుల వెడల్పు మీదే ఉంటుంది, 6 మిల్లీమీటర్లతో పోతుంది. ఆ ఆరింటిని స్టాండు కాళ్లకింద అట్టముక్కలు, చెక్కముక్కలు పెట్టి సర్దకూడదు, అవి తడిసి నలిగిపోతాయి. నేలను కాస్త చెక్కి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక కలిపిన గచ్చు మట్టసంగా వేయించి, వారం రోజులు తడిపి, ఆ తర్వాత స్టాండు పెట్టాలి.

స్టాండుకు రెండంగుళాల చదరపు ఇనుప గొట్టం, ఆరు కాళ్లు. ప్రతి కాలి కిందా ఆరంగుళాల చదరపు ఇనుప రేకు వెల్డింగ్ చేయించండి. రేకు ఎనిమిది మిల్లీమీటర్ల మందం ఉంటే మంచిది. రెండంగుళాల కాలు నేరుగా నేలను గుచ్చేదానికి, ఆరంగుళాల రేకు మీదుగా బరువు దిగేదానికి ఒత్తిడిలో తొమ్మిది రెట్ల తేడా. పార్కింగ్ టైల్స్ పగలకుండా కాపాడేది అదే. మా వెల్డర్ "ఎందుకమ్మా, ఏనుగునైనా మోస్తుంది" అన్నాడు. స్టాండు మోస్తుందని నాకూ తెలుసు, నా భయమంతా టైల్స్ గురించే. రెడ్ ఆక్సైడ్ రెండుసార్లు, దాని మీద ఎనామిల్ పెయింటు. స్టాండు పైన నీటికి తట్టుకునే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద థర్మకోల్ షీటు, దాని మీద అద్దం. థర్మకోల్ ఎక్కడా తగ్గకూడదు. చిన్న ఇసుక రేణువు అద్దానికీ గట్టి చెక్కకూ మధ్య ఇరుక్కున్నా పగులు అక్కడే మొదలవుతుంది.

అద్దం దగ్గర చాలామంది పొరపడే విషయం ఒకటుంది. పొడవైన తొట్టికి మందమైన అద్దం కావాలనుకుంటారు. నీటి ఒత్తిడి లోతును బట్టి పెరుగుతుంది. పక్క అద్దాన్ని నీళ్లు తోసే మొత్తం బలం లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 55 సెంటీమీటర్ల లోతుకే మన ఆరడుగుల ముందు అద్దాన్ని నీళ్లు దాదాపు 270 కిలోల బరువుతో సమానమైన బలంతో బయటికి నెడుతుంటాయి. లోతు రెట్టింపైతే అది నాలుగు రెట్లు. కాబట్టి స్థలం ఉంటే పొడవు పెంచుకోండి, వెడల్పు పెంచుకోండి, ఎత్తు మాత్రం రెండడుగుల దగ్గర ఆపండి. మూడడుగుల ఎత్తు తొట్టి చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. అడుగున గులకరాళ్లు శుభ్రం చేయడానికి చంకదాకా చెయ్యి ముంచినా అందదు.

12 మిల్లీమీటర్ల మామూలు ఫ్లోట్ అద్దం, పైఅంచు చుట్టూ లోపలివైపు అద్దపు పట్టీలు, మధ్యలో ఒక అడ్డపట్టీ ఉండాలి. వేడిచేసి గట్టిపరిచిన టెంపర్డ్ అద్దం తీసుకుంటే దానికి తర్వాత రంధ్రం వేయడం కుదరదు. పైపులకు రంధ్రాలు ఎక్కడ కావాలో ముందే తేల్చుకోండి. అతికించేది అక్వేరియాలకు వాడే సిలికోనే అయి ఉండాలి. బాత్‌రూముల కోసం అమ్మే కొన్ని రకాల్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు విషం. సిలికోన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, అది ఎసిటిక్ ఆమ్లం. అద్దాల కొట్టువాళ్లు మర్నాడే నింపుకోవచ్చంటారు. వారం ఆగండి. ఖాళీ తొట్టే 120 కిలోలు, ఎత్తడానికి ఆరుగురు కావాలి, చేతులకు గ్లౌజులు ఉండాలి.

స్టాండు మీద పెట్టాక మూడోవంతు, ఆపైన మూడింట రెండు వంతులు, ఆపైన నిండుగా, ఒక్కో మెట్టుకు ఒక్కో రోజు చొప్పున నింపి చూడండి. చుట్టూ నేల మీద పాత న్యూస్‌పేపర్లు పరిస్తే చుక్క పడినా మచ్చ కనిపిస్తుంది. నీటిమట్టం రోజుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గితే కంగారు పడకండి, అది ఆవిరి. షెడ్డుకున్న గొప్ప సౌకర్యం ఇదే. కారితే కారింది, గేటువైపు పోతుంది. హాల్లో సోఫా పక్కన ఈ పరీక్ష చేసే ధైర్యం నాకు లేదు.

ఫిల్టరు సంగతికి వస్తాను. షెడ్డులో శబ్దం గురించీ, అందం గురించీ ఎవరూ అడగరు కాబట్టి స్టాండు కింద మూడడుగుల ఫిల్టరు తొట్టి పెట్టుకోవడమే మేలు. పెద్ద తొట్టి నుంచి పొంగిన నీళ్లు పైపు ద్వారా కిందికి దిగి, మొదట స్పాంజీ గుండా, తర్వాత చేపల వ్యర్థాలను శుద్ధి చేసే బాక్టీరియా ఉండే గదిలోంచి వెళ్లి, చివర్న పంపు ద్వారా పైకి వస్తాయి. బాక్టీరియా గదిలో ఖరీదైన పింగాణీ గొట్టాలు నింపనక్కరలేదు. గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు గోళాలు, సబ్బు లేనివి, రెండు మూడు డజన్లు చాలు. ఇనుపవి కాదు సుమా. పంపు డబ్బా మీద రాసే లీటర్ల లెక్క ఎత్తు లేనప్పటిది. నాలుగడుగులు ఎక్కించేసరికి బాగా తగ్గుతుంది. ఆ ఎత్తుకు గంటకు 3000 లీటర్లకు తగ్గకుండా ఎంత ఇస్తుందో చూసి కొనండి.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో ముందే ఆలోచించాలి. పంపు ఆగగానే, నీళ్లను పైకి తెచ్చే రిటర్న్ పైపు మూతి పై తొట్టిలో మునిగిన మేర నీళ్లు వెనక్కి కిందికి దిగుతాయి. ఈ తొట్టిలో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే 11 లీటర్లు. నాలుగు సెంటీమీటర్లు దిగితే 44 లీటర్లు కింది తొట్టిలో పట్టాలి. అందుకని కింది తొట్టిని ఎప్పుడూ నిండుగా ఉంచకూడదు, రిటర్న్ పైపుకు నీటిమట్టం దగ్గరగా చిన్న రంధ్రం వేయాలి. మట్టం ఆ రంధ్రానికి దిగగానే గాలి చొరబడి ధార తెగుతుంది. చేపలు వేయకముందే కావాలని స్విచ్చి తీసి, ఎంత దిగుతుందో కళ్లారా చూసి, కింది తొట్టి మీద స్కెచ్‌పెన్‌తో గీత పెట్టుకోండి.

కరెంటు పని ఎలక్ట్రీషియన్‌తోనే. షెడ్డుకు వేరే వైరు లాగించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. లోడు మించితే పడిపోయే మామూలు ఎంసీబీ స్విచ్చి వైరును కాపాడుతుందేగాని తడిచేతి మనిషిని కాపాడదు. ఈ ఒక్క ఖర్చు తగ్గించుకుంటామన్నవాళ్లతో నేను మిగతా విషయాలు మాట్లాడను. సాకెట్లు నీటిమట్టానికి పైన, తొట్టికి పక్కగా ఉండాలి. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క కిందే రాలిపోతుంది. వైర్లను పీవీసీ గొట్టాల్లో నడిపించండి, షెడ్డు ఎలుకలకు వైరు తొడుగంటే ఇష్టం. ఇంటి ఇన్వర్టరు నుంచి ఎయిర్ పంపుకు ఒక కనెక్షన్ ఇప్పిస్తే రాత్రి కరెంటు పోయినా లేవనక్కరలేదు.

ఇప్పుడు గాలి. హాల్లో తొట్టి పెట్టేవాళ్లకు రాని చిక్కు ఇది. ఎయిర్ పంపు చుట్టుపక్కల గాలిని పీల్చి నీళ్లలోకి ఊదుతుంది. షెడ్డులో ఆ గాలిలో స్కూటరు పొగ, పెట్రోలు ఆవిరి, థిన్నరు వాసన, దోమల మందు ఉండవచ్చు. దోమల కాయిల్స్, గోడకు గుచ్చే ద్రవాలు, బొద్దింకల స్ప్రేలలో ఎక్కువగా వాడేవి పైరెత్రాయిడ్లు అనే పురుగుమందులు. మనుషులకు తక్కువ హాని, చేపలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. వానాకాలంలో మున్సిపాలిటీవాళ్లు వీధిలో వదిలే ఫాగింగ్ పొగలో ఉండే మందులూ అలాంటివే. మేం ఎయిర్ పంపును ఇంటి లోపల కిటికీ దగ్గర పెట్టి, సన్న గొట్టం మాత్రం షెడ్డులోకి లాగాం. పంపు నీటిమట్టం కన్నా ఎత్తులో ఉండాలి, లేకపోతే ఆగినప్పుడు గొట్టం ద్వారా నీళ్లు పంపులోకి వస్తాయి. ఫాగింగ్ బండి శబ్దం వినిపించగానే షెడ్డు తలుపు మూసి, తొట్టిపైన ప్లాస్టిక్ షీటు కప్పి, పొగ పోయాక తీయండి. పెయింటు డబ్బాలు, పురుగుమందులు షెడ్డులోంచి శాశ్వతంగా బయటికి పోవాలి. తొట్టికి మూత తప్పదు. గోడల మీద బల్లులున్నాయి, అరుగు మీద పిల్లులున్నాయి.

వేడి. మే నెలలో మా ఊళ్లో 44, 45 డిగ్రీలు మామూలే. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఉండేది, 35 దగ్గర 7కు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప శరీరానికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. 600 లీటర్లు ఒక్క మధ్యాహ్నంలో వేడెక్కవు, పగలూ రాత్రీ కలిపిన సగటును అనుసరిస్తాయి. అందుకని రాత్రి షట్టరు సందు తెరిచి ఉంచడం పగలు ఫ్యాను వేసినంత పని చేస్తుంది. పైకప్పు రేకులదైతే పైన తెల్ల సున్నం వేయించండి, కింద థర్మకోల్ సీలింగ్ కట్టించండి. పడమటి షట్టరుకు బయట వెదురు తడక లేదా షేడ్‌నెట్ వేలాడదీయండి. నీటి ఉపరితలం మీదుగా చిన్న టేబుల్ ఫ్యాను వీచేలా పెడితే ఆవిరితో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఉక్కపోత రోజుల్లో అంత దిగదు. ఆవిరైనవి నీళ్లే, లవణాలు వెనకే ఉండిపోతాయి, కాబట్టి తగ్గినంత మేర పోసేటప్పుడు బోరు నీళ్లు కాకుండా వాన నీళ్లో ఆర్వో నీళ్లో పోయండి. నీళ్లను చల్లబరిచే యంత్రం, చిల్లర్, కొనమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వేడికి తట్టుకునే చేపలను ఎంచుకుంటే దానితో పనిలేదు.

అడుగున వేయడానికి గోదావరి గులకరాళ్లు బాగుంటాయి. ఏ రాయైనా ముందు నిమ్మరసం చుక్క వేసి చూడండి, నురగ వస్తే సున్నపురాయి. కడప బండ అందుకే పనికిరాదు, నీళ్ల కాఠిన్యం పెంచుతుంది. గ్రానైటు ముక్కలు, కుండ పెంకులు నిశ్చింతగా వాడుకోవచ్చు. పెరట్లో బాదం చెట్టుంటే రాలి ఎండిన ఆకులు నాలుగు కడిగి వేయండి. నీళ్లు లేత టీ రంగుకు వస్తాయి, గౌరామీ చేపలకు అది సుఖం.

నీళ్లు నింపాక కుళాయి నీళ్లలో క్లోరిన్ తీసేయాలి. సోడియం థయోసల్ఫేట్, అంటే ఫొటో స్టూడియోలవాళ్లు వాడిన హైపో. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉందనుకుంటే 600 లీటర్లకు సుమారు 4 గ్రాములు. రొయ్యల చెరువుల పుణ్యమా అని గోదావరి జిల్లాల్లో ఏ ఆక్వా మందుల షాపులోనైనా దొరుకుతుంది. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత), కాఠిన్యం చూసే కిట్లు కూడా అక్కడే కొనండి. రంగు చేపల కొట్టులో అందమైన సీసాల్లో అమ్మే చాలా మందుల కన్నా రైతులు వాడే సరుకు చవక, నాణ్యతలో తక్కువేమీ కాదు.

తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు లేని తొట్టిని నడపాలి. చేపల మలమూత్రాల్లోంచి, మిగిలిన మేతలోంచి అమ్మోనియా వస్తుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది చాలా తక్కువ హానికరం. ఈ బాక్టీరియా నీళ్లలో తేలుతూ కాదు, ఫిల్టరు పీచుకు అంటుకుని పెరుగుతాయి. వాటికి మేతగా అమ్మోనియం క్లోరైడ్, మన నవాసారం, వేయాలి. ల్యాబుకు అమ్మే శుద్ధమైన రకం 600 లీటర్లకు 4 గ్రాముల లోపు వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వస్తుంది. మొదట అమ్మోనియా కనిపిస్తుంది, అది తగ్గుతుంటే నైట్రైట్ పెరిగి కిట్‌లో గులాబీ రంగు ముదురుతుంది, ఆ తర్వాత అదీ తగ్గుతుంది. అమ్మోనియా సున్నాకు దిగినప్పుడల్లా మళ్లీ అదే మోతాదు వేస్తూ ఉండండి. వేసిన ఇరవై నాలుగు గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధమైనట్టు. పీహెచ్ 8 ఉన్న నీళ్లలో అమ్మోనియా విషం పీహెచ్ 7లో ఉన్నదానికి దాదాపు పది రెట్లు. పీహెచ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లవాళ్లు ఈ దశలో తొందరపడితే నష్టం ఎక్కువ. ఈ వారాల్లో ఖాళీ తొట్టిని చూసి నవ్వే బంధువులుంటారు. నవ్వనివ్వండి.

చేపలు. కొట్టుకు మనవడిని తీసుకెళ్లవద్దు. మావాడు వెండిరంగు పిల్లలను చూపించి "అమ్మమ్మా, షార్క్!" అని గంతులేశాడు. ఆ "షార్క్" మన చెరువుల్లో టన్నులకొద్దీ పెంచే పంగాసియసే, మీటరుదాకా పెరుగుతుంది. "రెడ్ బెల్లీ పిరాన్యా" అని అమ్మే పిల్లల్లో చాలావరకు చేపల బజారులో దొరికే రూప్‌చంద్. రెండూ ఈ తొట్టికి పెద్దవే. అద్దం పాచి తింటుందని అంటగట్టే నల్లటి సకర్ క్యాట్‌ఫిష్ అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక కాలువలో వదిలేసినవాళ్ల వల్లనే అది మన చెరువుల్లోకీ నదుల్లోకీ చేరి జాలర్ల వలలు చింపుతోంది. అక్వేరియం చేపను గోదావరిలో వదలడం పుణ్యం కాదు.

మా తొట్టికి నేను ఎంచుకున్నవి గౌరామీలు, పెరల్, బ్లూ రెండు రకాలు. వీటికి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చే అవయవం ఉంటుంది, కరెంటు పోయిన ఎండాకాలపు రాత్రి వాటి గురించి బెంగ ఉండదు. తోడుగా ఏంజెల్ చేపలు, వేడిని బాగానే ఓర్చుకుంటాయి. టైగర్ బార్బ్‌లు కలపకండి, ఏంజెల్స్ రెక్కలు కొరుకుతాయి. పెద్ద చేపలే కావాలనుకునేవాళ్లు ఆస్కార్‌లు రెండు వేసుకుని అక్కడితో ఆపాలి. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల చేప, మే నెలలో మన షెడ్డు దానికి శిక్ష. అన్నీ ఒకేరోజు వేయకండి. ఐదారు వేసి, రెండు వారాలు అమ్మోనియా చూసి, తర్వాతి ఐదారు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్లు 24 డిగ్రీల కిందికి దిగితే 300 వాట్ల హీటరు.

దీపం రోజుకు ఎనిమిది గంటలు, టైమరుతో. షెడ్డులో ఎండ పడదు కాబట్టి పాచి అంతగా పట్టదు. వారానికి ఒకసారి నాలుగోవంతు, అంటే 150 లీటర్ల నీళ్లు మార్చాలి. ముందురోజే డ్రమ్ముల్లో పట్టి హైపో వేసి ఉంచండి. తీసిన నీళ్లు గొట్టంతో నేరుగా కరివేపాకు మొక్కకూ అరటిచెట్టుకూ పోనివ్వండి, నైట్రేట్ వాటికి ఎరువు. స్పాంజీని కుళాయి కింద కడగకండి, క్లోరిన్‌కు బాక్టీరియా చస్తుంది. తొట్టిలోంచి తీసిన బకెట్ నీళ్లలోనే పిండండి.

ఊరికి వెళ్లేటప్పుడు పక్కింటివాళ్లకు మేత డబ్బా ఇవ్వకండి, ప్రేమకొద్దీ గుప్పెళ్లు వేస్తారు. రోజు విడిచి రోజుకు ఒక్కో చిటికెడు చొప్పున చిన్న కాగితపు పొట్లాలు కట్టి, పైన తేదీలు రాసి ఇచ్చి, డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేయండి. ఆర్‌సీసీబీ ఎక్కడుందో, అది పడిపోతే ఎవరికి ఫోను చేయాలో మరో కాగితం మీద రాసి స్టాండుకు అంటించండి.